రాయి కింద దొరికిన పురుగుకి ఏ ఫ్లై కట్టాలి? మూడు తోకలవి రెండు దొరికాయి, రెండింటికీ పోలికే లేదు

కొత్తగాలం:

అందరికీ నమస్కారం. ఫ్లై ఫిషింగ్, అంటే ఈకలతో పురుగులా కట్టిన హుక్ (అదే ఫ్లై) వేసి చేపలు పట్టడం, మొదలుపెట్టి రెండు నెలలైంది. రాడ్ విసరడం ఓ మోస్తరుగా వచ్చింది, అంటే లైను వచ్చి నా చెవికి తగలడం మానేసింది. అసలు టెన్షన్ ఫ్లైల పెట్టె తెరిచాకే మొదలవుతోంది.

మొన్న సాయంత్రం వాగులో ట్రౌట్లు నా ముందే, రెండు మూరల దూరంలో పైకొచ్చి తింటున్నాయి. గాలిలో గోధుమరంగు పురుగులు ఎగురుతున్నాయి. పెట్టెలో ఆ రంగుకి దగ్గరగా ఉన్న డ్రై ఫ్లై (నీటిమీద తేలే రకం) తీసి కట్టాను, ఒక్క చేప కూడా అటు చూడలేదు. మార్చాను. మళ్లీ మార్చాను. ఏడు ఫ్లైలు మార్చేసరికి చీకటి పడింది, ఫ్లై కట్టే సన్నదారం, అదే టిప్పెట్, సగం అయిపోయింది, అవి మాత్రం హాయిగా తింటూనే ఉన్నాయి.

అక్కడి పురుగేదో చూసి దానికి సరిపడే ఫ్లై కట్టాలని అందరూ అంటారు కదా అని మర్నాడు వెళ్లి రాళ్లు తిప్పి చూశాను. నీళ్లు జోరుగా పారేచోట రాయికి అతుక్కుని, ఎవరో తొక్కేసినట్టు చదునుగా ఉన్న పురుగొకటి, దానికి మూడు తోకలు. ఇంకో రాయికి ఇసుకరేణువులు అతికించినట్టున్న చిన్న గొట్టం, మట్టి పెళ్ల అనుకుని గీకబోతే లోపల్నుంచి తల బయటపెట్టింది! మూడోది ఒడ్డున గడ్డి మధ్య, నీళ్లు కదలని చోట దొరికింది, సన్నగా పచ్చగా ఉంది, దీనికీ మూడు తోకలే. మూడు తోకలుంటే మేఫ్లై అని చదివాను, మరి మొదటిదానికీ మూడోదానికీ పోలికే లేదే?

ఏది ఏమిటో, దేనికి ఏ ఫ్లై కట్టాలో కాస్త చెప్పండి. ఇంకోటి, హుక్ నంబర్లు కూడా నాకు తలకెక్కడం లేదు. 18 కంటే 12 పెద్దదేమిటసలు?

రాళ్లకిందిరాజు:

తమ్ముడూ, ముందు నంబర్ల సంగతి తేల్చేద్దాం. హుక్ నంబరు పెరిగేకొద్దీ హుక్ చిన్నదవుతుంది. 12 కంటే 18 చిన్నది, 22 అయితే కళ్లజోడు లేకుండా నా వల్ల కాదు. అంతకుమించి అందులో అర్థం చేసుకోవాల్సిందేం లేదు, అలవాటు పడిపోవడమే.

ఇక పురుగులు. మొదటిది మేఫ్లై నింఫ్, అంటే రెక్కలు రాకముందు నీటిలో ఉండే పిల్ల. ఆ చదును శరీరం వరదలాంటి నీటిలో కూడా రాయికి అతుక్కుని ఉండటానికే. రెండోది కాడిస్ లార్వా, ఆ గొట్టం దాని ఇల్లు, నోటి దగ్గర వచ్చే పట్టులాంటి దారంతో రేణువుల్ని అతికించి కట్టుకుంటుంది. కొన్ని ఇసుకతో కడతాయి, కొన్ని పుల్లలతో, ఆకుముక్కలతో. ఇల్లు కట్టకుండా తిరిగే కాడిస్‌లు కూడా ఉన్నాయి, వల అల్లుకుని అందులో పడ్డది తినేవీ ఉన్నాయి. మూడోది మేఫ్లై కానే కాదు. అది డామ్సెల్‌ఫ్లై పిల్ల, అంటే తూనీగకి చుట్టం, సన్నగా ఉండి వాలినప్పుడు రెక్కలు మూసుకునేది చూసే ఉంటావు. దాని మూడు తోకలూ నిజానికి తోకలు కావు, మొప్పలు. మళ్లీ దొరికితే జాగ్రత్తగా చూడు, సన్నటి ఆకుల్లా వెడల్పుగా ఉంటాయి. మేఫ్లై తోకలు వెంట్రుకల్లా ఉంటాయి, దాని మొప్పలు పొట్టకి రెండు పక్కలా ఆడుతుంటాయి. నీళ్లు పోసిన తెల్ల పళ్లెంలో వేసి ఒక్క నిమిషం కదలకుండా చూస్తే ఆ మొప్పలు కొట్టుకోవడం కనబడుతుంది. తోకలు లెక్కపెట్టడం మంచిదే, కానీ అదొక్కటే పట్టుకుంటే ఇలాగే బోల్తా పడతాం.

ఇంకో రెండు రకాలు నీకు దొరకలేదు గానీ దొరుకుతాయి. స్టోన్‌ఫ్లై నింఫ్‌కి ఎప్పుడూ రెండే తోకలు, పొట్ట పక్కన మేఫ్లైకి ఉన్నట్టు ఆకుల్లాంటి మొప్పలుండవు, చంకల్లో దారపు కుచ్చుల్లా ఉంటాయి. చల్లగా, గాలి బాగా కలిసిన నీటిలోనే బతుకుతుంది, పెద్ద జాతులైతే నీటిలోనే మూడేళ్లు పైన గడుపుతాయి, అంటే చేపకి ఏడాది పొడుగునా దొరికే తిండి. ఇక మిడ్జ్. లార్వాగా ఉన్నప్పుడు చిన్న దారప్పోగులాంటి పురుగు, తోకా లేదు సరైన కాళ్లూ లేవు. కొన్ని ఎర్రగా ఉంటాయి, మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్ వాటిలోనూ ఉంటుంది, అందుకే గాలి అందని బురదలో కూడా బతికేస్తాయి.

ఇదంతా రాయి కింద సంగతి. నువ్వు ఏడు ఫ్లైలు మార్చిన సాయంత్రం సంగతి వేరు. గాలిలో ఎగిరేది చూసి కట్టావు, ఎగిరేదాన్ని చేప ఎలా తింటుంది? నీటిలోకి వచ్చిందే తింటుంది. ఆ రోజు చేప పైకొచ్చినప్పుడు ఏం కనబడింది? మూతి కనబడిందా, వీపూ రెక్కా మాత్రమే కనబడ్డాయా, లేక నీళ్లు ఎగజిమ్మాయా? చేప వెళ్లాక నీటిమీద బుడగ మిగిలిందా? అది చెప్పు, అప్పుడు మాట్లాడదాం.

అయిదుఫ్లైలు:

రాజుగారు చెప్పినవన్నీ నిజమే, కాదనను. కానీ ఈ పురుగుల చదువు మొదలుపెడితే అంతు ఉండదు బ్రదర్, నేను ఆ గోతిలో పడి లేచినవాణ్ణి. ఒక సీజనంతా మెడలో భూతద్దం, సంచిలో సీసాలు, జేబులో నోట్సు. పురుగు కుటుంబం పేరు చెప్పగలిగేవాణ్ణి, చేప మాత్రం పడేది కాదు. ఒకరోజు నా పక్కన చేపలు పడుతున్న పెద్దాయన నా ఫ్లై నీటిమీద పోవడం కాసేపు చూసి, అది ఈదుతోందయ్యా అన్నాడు. అంతే. నా లైను నడిమి ధారలో పడి ముందుకు లాగుతోంది, చివరనున్న ఫ్లై మోటారు బోటులా గీత గీసుకుంటూ పోతోంది. నిజం పురుగు ఎక్కడైనా అలా పోతుందా? నీరు ఎంత వేగంగా పోతే అంతే వేగంగా, ఊరికే తేలిపోతుంది. ఆ లాగుడు పోగొట్టుకోకుండా ఎన్ని ఫ్లైలు మార్చినా దండగే. లైను నీటిమీద పడగానే రాడ్ కొస తిప్పి లైను నడుముని ఎగువకి ఎత్తి పెట్టు, ముందు అది నేర్చుకో.

నా పెట్టెలో అయిదు ఫ్లైలే ఉంటాయి, పేరు కూడా అదే పెట్టుకున్నాను. ఆడమ్స్, ఎల్క్ హెయిర్ కాడిస్, ఫెజెంట్ టెయిల్ నింఫ్, హేర్స్ ఇయర్, జీబ్రా మిడ్జ్. ఒక్కోటి రెండు మూడు సైజుల్లో. ఆడమ్స్‌ని 1922లో మిషిగన్‌లో లెన్ హాలడే అనే ఆయన కట్టాడు, అది ఫలానా పురుగు అని ఎవరూ చెప్పలేరు, బూడిదరంగులో అన్నిటికీ కొంచెం కొంచెం పోలుతుంది, వందేళ్లుగా చేపలు దాన్ని తింటూనే ఉన్నాయి. ఫెజెంట్ టెయిల్ కట్టిన ఫ్రాంక్ సాయర్ ఇంగ్లండులో ఏవన్ నది కాపలా చూసేవాడు, రోజూ నీళ్లలోకి చూడటమే ఆయన పని. అంతటివాడు కట్టిన ఫ్లైకి కాళ్లే లేవు! దారం కూడా వాడలేదు, నెమిలికోడి తోక ఈకలూ సన్న రాగితీగా, అంతే. సైజూ, ఆకారం సరిపోతే మిగతాది చేపే ఊహించుకుంటుంది.

జలకీటకం:

పైవాళ్లిద్దరిదీ చదివాను. నేను చదివింది జంతుశాస్త్రం, పనిలో భాగంగా వాగుల్లో పురుగులు లెక్కపెట్టేదాన్ని, గాలం పట్టడం తర్వాత అంటుకున్న జబ్బు. రెండు మూడు సంగతులు కలుపుతాను.

రాజుగారు తోకలు నమ్మొద్దన్నారు, ఇంకాస్త గట్టిగా చెబుతాను. మేఫ్లై నింఫ్‌లన్నిటికీ మూడు తోకలుండవు. ఎపియోరస్ అని చదునుగా ఉండే రకం ఉంది, దానికి రెండే. వలలో తోకలు విరిగిపోవడమూ మామూలే. పైగా కొన్నిటికి నీటిలో ఉన్నప్పుడు మూడు, రెక్కలొచ్చాక రెండు. బేటిస్ అలాంటిదే, ఫ్లై ఫిషింగ్‌వాళ్లు బ్లూ వింగ్డ్ ఆలివ్ అనే గుంపులో ముఖ్యమైనది, నింఫ్‌గా ఉన్నప్పుడు నడిమి తోక పక్కవాటికంటే పొట్టిగా ఉంటుంది, పెద్దయ్యాక ఆ నడిమిది ఉండదు. అనుమానం వస్తే కాళ్ల గోళ్లు చూడండి. మేఫ్లై నింఫ్‌కి ప్రతి కాలికీ ఒకటే గోరు, స్టోన్‌ఫ్లైకి రెండు. పది రెట్లు పెద్దది చేసి చూపే చిన్న లెన్స్ చాలు. తోక విరిగినా గోరు మోసం చేయదు.

రెక్కలొచ్చినవాటిని గుర్తుపట్టడం ఇంకా సులువు, వాలినప్పుడు రెక్కలు ఎలా పెట్టుకుందో చూస్తే చాలు. పడవ తెరచాపలా నిటారుగా ఉంటే మేఫ్లై. పాక కప్పులా రెండు వైపులా వాలి ఉంటే కాడిస్, దానికి తోకలుండవు, మీసాలు మాత్రం పొడుగు. వీపుమీద దుప్పటి మడతేసినట్టు ఒకదానిమీద ఒకటి చదునుగా ఉంటే స్టోన్‌ఫ్లై. చూడటానికి దోమలా ఉండి కుట్టకుండా గుంపుగా ఆడుతుంటే మిడ్జ్, దానికి రెండే రెక్కలు.

కొత్తగాలం గారూ, నింఫ్ దొరికినప్పుడు భుజాల వెనక, రెక్కలు తయారయ్యే ఆ రెండు చిన్న మూటలు చూడండి. లేత రంగులో ఉంటే ఇంకా టైముంది. నల్లగా, ఉబ్బినట్టుంటే అది ఇవాళో రేపో బయటికొస్తుంది. రాయి కింద నాలుగు రకాలున్నా, మూటలు నల్లబడ్డ రకం ఏదో అదే ఇవాళ చేపల తిండి కావొచ్చు. ఈ ఒక్క సంగతితో నాకు సగం అనుమానాలు తీరిపోతాయి.

స్పిరిట్‌లో వేసి ఇంటికి తెచ్చుకునేవాళ్లకి ఒకమాట, రంగు ముందే రాసుకోండి లేదా ఫొటో తీసుకోండి, స్పిరిట్‌లో రంగు పోతుంది. అదీ పొట్ట రంగు, వీపుది కాదు. తేలే పురుగుని చేప కిందనుంచి చూస్తుంది, మనమేమో పైనుంచి చూసి ఫ్లై రంగు ఎంచుకుంటాం. ఇంకోటి, తిప్పిన రాయిని మళ్లీ అదే వైపు కిందకి ఉండేలా మెల్లగా పెట్టండి. దాని కింద కాపురాలున్నాయి.

కొత్తగాలం:

అందరికీ థాంక్స్. డామ్సెల్ సంగతి విని సిగ్గేసింది, మళ్లీ వెళ్లి చూశాను, నిజంగానే ఆకుల్లా ఉన్నాయి.

రాజు అన్నా, మీరడిగినదానికి జవాబు. ఆ రోజు మూతి చూసిన గుర్తులేదు. వీపు కనబడేది, వెనకే తోక, నున్నగా మునిగిపోయేది. బుడగ సంగతి గమనించలేదు, బుడగ చూడాలని కూడా నాకు తెలీదు.

రాళ్లకిందిరాజు:

దొరికింది దొంగ. వీపూ తోకా కనబడి మూతి కనబడకపోతే, చేప నీటిమీద ఉన్నదాన్ని తినడం లేదు, పైపొరకి బెత్తెడు లోపల ఉన్నదాన్ని తింటోంది. పైది మింగితే దాంతోపాటు గాలి కూడా నోట్లోకి పోతుంది, ఆ గాలి మొప్పల్లోంచి బయటికొచ్చి బుడగలా మిగులుతుంది. బుడగ లేదంటే పైపొర కిందే భోజనం.

ఎందుకంటావా, మేఫ్లై నింఫ్ అడుగునుంచి పైకొచ్చి, పైపొర దగ్గర కుబుసం విప్పుకుని రెక్కలు బయటికి లాగాలి. ఆ కాసేపు అది ఈదలేదు, ఎగరలేదు. చేపకి అంతకంటే సులువైన ముద్ద ఏముంటుంది? ఎగిరిపోయేదాని కోసం అది ఎందుకు కష్టపడుతుంది? నీకు గాలిలో కనబడినవి ఈ గండం గడిచి బయటపడ్డవి. ఆ సమయంలో కట్టాల్సింది ఎమర్జర్, అంటే సగం నీటిలో సగం బయట వేలాడేలా కట్టిన ఫ్లై. అది లేకపోతే నీ డ్రై ఫ్లైకే అడుగున ఈకలు కత్తిరించి నీటిలోకి దిగేలా చెయ్యి. లేదా చిన్న ఫెజెంట్ టెయిల్ నింఫ్‌కి పైన జానెడు లీడర్ (లైను కొసకి కట్టే సన్నదారం) వదిలేసి మిగతా లీడర్‌కి తేలే మైనం రాయి, అది పైపొర కిందే పోతుంది.

నీళ్లు ఎగజిమ్ముతుంటే కథ వేరు. కాడిస్ ప్యూపాలు (లార్వాకీ రెక్కల పురుగుకీ మధ్య దశ) చాలావరకు వేగంగా పైకొస్తాయి, చేప తరుముకుంటూ వచ్చి ఆ ఊపులో నీళ్లు చిమ్ముతుంది. అప్పుడు పోతున్న ఫ్లైని చివర్లో కొంచెం పైకి లేవనివ్వాలి. ఇక్కడ మన అయిదు ఫ్లైల అన్న చెప్పిన ఊరికే తేలిపోవాలన్న సూత్రం పక్కన పెట్టాల్సిందే. స్టోన్‌ఫ్లై అయితే చాలా రకాలు నీటిమీద పుట్టవు, ఒడ్డుకో రాయిమీదకో పాక్కుంటూ వచ్చి కుబుసం విడుస్తాయి. ఒడ్డు రాళ్లమీద పెద్ద పెద్ద ఖాళీ కుబుసాలు కనబడితే పెద్ద నింఫ్ కట్టి ఒడ్డు దగ్గర అడుగున తేలనివ్వు.

ఈసారి వెళ్లినప్పుడు సన్నకన్నాల తెరగుడ్డ రెండు కర్రలకి కట్టి, ధారకి అడ్డంగా అయిదు నిమిషాలు పట్టుకో. అడుగు కదపకు, కదిపితే రాళ్ల కింద ఉన్నదంతా వస్తుంది, అది ఇవాళ్టి మెనూ కాదు. కొట్టుకొచ్చినవే చూడు.

అయిదుఫ్లైలు:

పక్కన పెడతాంలే రాజుగారూ, కాడిస్ విషయంలో ఒప్పుకుంటున్నా. ఈకలు కత్తిరించమన్నారు చూడండి, అది నచ్చింది. నా ఆడమ్స్‌కి అదే చేస్తాను, అప్పుడు కూడా అయిదే.

కొత్తగాలం:

వారం తర్వాత వచ్చాను. రిపోర్టు.

మబ్బుగా ఉంది, సన్న జల్లు. తెరగుడ్డ పట్టాను. ఏడెనిమిది కుబుసాలు, సగం విప్పుకుని చచ్చిపోయిన నింఫ్ ఒకటి, నాలుగు బతికున్న నింఫ్‌లు, అన్నిటికీ రెక్కల మూటలు నల్లగా ఉన్నాయి! నడిమి తోక పొట్టిగా ఉంది, అంటే అక్క చెప్పిన బేటిస్ కావొచ్చు. అరచేతిలో పెట్టి పక్కన ఫ్లై పెట్టి చూస్తే నేను ఇన్నాళ్లూ కడుతున్న 14 దాని పక్కన ఏనుగులా ఉంది. 18 ఆడమ్స్‌కి అడుగు ఈకలు కత్తిరించి వేశాను. లైను ఎత్తి ఎగువకి పెట్టడం నాలుగుసార్లలో రెండుసార్లు కుదిరింది, ఆ రెండుసార్లూ చేప పడింది. మూడోది పడి, నేను కంగారుగా లాగితే తెంపుకుపోయింది. రెండింటినీ వదిలేశాను.

అయితే చీకటి పడేముందు మళ్లీ అదే కథ. గాలి లేదు, నీళ్లు అద్దంలా ఉన్నాయి, చేపలు ముద్దు పెట్టినట్టు మెల్లగా మూతి పెట్టి తింటున్నాయి, ఈసారి బుడగ కూడా చూశాను, ఉంది. అంటే పైనే తింటున్నాయి కదా. కానీ నీటిమీద నాకు ఏమీ కనబడలేదు. ఆడమ్స్ ఒక్కటి కూడా ముట్టలేదు. ఇదేంటి?

జలకీటకం:

వారెవ్వా, సగం విప్పుకుని చచ్చిన నింఫ్‌ని గమనించారంటే మీకు పట్టుబడినట్టే. మబ్బూ జల్లూ ఉన్న రోజున బేటిస్ బాగా బయటికొస్తుంది, ఆ చలిలో రెక్కలు త్వరగా ఆరవు, ఎక్కువసేపు నీటిమీద చిక్కుకుంటుంది. మీ లెక్క సరిపోయింది.

సాయంత్రం మీకు కనబడనిది స్పిన్నర్. మేఫ్లైకి ఒక విచిత్రం ఉంది, రెక్కలొచ్చాక కూడా ఇంకోసారి కుబుసం విడుస్తుంది, కీటకాల్లో ఇంకేదీ ఇప్పుడు ఆ పని చేయదు. మొదటి రూపాన్ని డన్ అంటారు, రెక్కలు మసకగా ఉంటాయి. ఒడ్డున చెట్టుమీదకెళ్లి మళ్లీ చర్మం విడిచాక స్పిన్నర్, రెక్కలు గాజులా నిగనిగలాడతాయి, తోకలు ఇంకా పొడుగవుతాయి. తినడానికి పనికొచ్చే నోరే ఉండదు. జతకట్టి గుడ్లు పెట్టి, రెక్కలు రెండు వైపులా పరిచేసి నీటిమీద పడిపోతుంది. చచ్చింది ఎక్కడికి పోతుంది? అందుకే చేప తొందరపడదు, మెల్లగా మూతి పెడుతుంది. రెక్కలు గాజులా ఉండి పైపొరకి అతుక్కుపోతాయి కాబట్టి నిలబడి చూస్తే కనబడదు. వంగి, నీటికి కళ్లు దగ్గరగా పెట్టి, వెలుగు ఉన్నవైపు చూడండి. లేదా అదే తెరగుడ్డ ఈసారి అడుగుకి కాదు, పైపొరకి పట్టండి.

కట్టాల్సింది రస్టీ స్పిన్నర్, తుప్పు రంగు ఒళ్లు, రెక్కలు పక్కలకి పరిచి ఉంటాయి. డన్ ఎంత ఉందో అదే సైజు. మీ ఆడమ్స్ ఎందుకు పనికిరాలేదంటే అది ఈకలమీద లేచి నిలబడుతుంది, అక్కడ పడుకున్నది కావాలి. బేటిస్‌తో ఇంకో తిరకాసు కూడా ఉంది, కొన్నిటి ఆడవి గుడ్లు పెట్టడానికి రాళ్లు పట్టుకుని నీటి కిందకి పాక్కుంటూ పోతాయి, కాబట్టి ఒక్కోసారి స్పిన్నర్ ఫ్లైని ముంచితేనే పని జరుగుతుంది.

రాళ్లకిందిరాజు:

అక్క చెప్పాక నేను చెప్పేదేం లేదు. ఆ వెలుతురులో ఫ్లై నీకు కూడా కనబడదు, చేప మూతి పెట్టిన చోటికి అటూ ఇటూ ఏ అల కదిలినా మెల్లగా రాడ్ ఎత్తు. పోయినసారిలా గుంజకు.

అయిదుఫ్లైలు:

ఆడమ్స్‌కి అడుగే కాదు, పైన కూడా ఈకలు కత్తిరిస్తే పడుకుంటుంది కదా అని నిన్న సాయంత్రం ప్రయత్నించాను. పడుకుంది. మునిగింది. చేప రాలేదు. రస్టీ స్పిన్నర్ 16, 18 తీసుకున్నాను. ఇక్కడ పేరు మార్చుకోవడం ఎలాగో ఎవరికైనా తెలుసా?